మెక్సికన్ రెస్టారెంట్‌లో తింటూ కేలరీలు అదుపులో పెట్టుకోవడం ఎలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కొత్తచిగురు

అందరికీ నమస్తే. బరువు తగ్గాలని రోజుకి 1500 కేలరీలు పెట్టుకుని నడుస్తున్నాను. ఇంట్లో వండుకున్నంతసేపూ ఇబ్బంది లేదు. మా ఆఫీసు టీమ్‌కి మాత్రం మెక్సికన్ పిచ్చి. ఎవరి పుట్టినరోజు వచ్చినా, ఎవరు ఉద్యోగం మారినా అక్కడికే. రానంటే "ఏంటి, డైటింగా?" అని మొదలెడతారు. వెళ్తే మెనూలో సగం పేర్లు అర్థం కావు, అర్థమైనవన్నీ చీజ్ కింద కప్పబడిపోయి ఉంటాయి.

సలాడ్ తిని రమ్మనే సలహా మాత్రం వద్దండీ, అది నాకూ తెలుసు. కూర్చుని నలుగురితో కలిసి తినదగ్గవి ఏమున్నాయి? చికెన్, చేప, రొయ్యలు తింటాను. పంది మాంసం, బీఫ్ తినను.

లెక్కలమాస్టారు

చిగురు గారూ, ముందు ఒక బరీటో, అంటే రొట్టెలో అన్నం, మాంసం చుట్టినది, విప్పి చూద్దాం. అమెరికాలోని చిపోట్లే అనే మెక్సికన్ చెయిన్ దేనికెన్ని కేలరీలో విడివిడిగా బయటపెడుతుంది కాబట్టి వాళ్ల అంకెలే తీసుకుంటున్నా.

పెద్ద మైదా టోర్టియా (రొట్టె) 320, తెల్లన్నం 210, నల్ల బీన్స్ 130, చికెన్ 180, టమాటా సాల్సా 25, సోర్ క్రీమ్ 110, చీజ్ 110, గ్వాకమోలీ (మెదిపిన అవకాడో) 230, లెట్యూస్ 5. మొత్తం 1320. మీ రోజు కోటాలో ఇంక మిగిలింది 180.

ఇందులో మీరు తినడానికి వెళ్లిన చికెన్ ఎంత? 180. మిగతాదంతా దాని వెంట వచ్చిన పరివారం. ఇప్పుడు అదే కౌంటర్ దగ్గర బౌల్ అడగండి: చికెన్, సగం అన్నం, బీన్స్, గ్రిల్ చేసిన క్యాప్సికం ఉల్లిపాయలు, టమాటా సాల్సా, లెట్యూస్. 180+105+130+20+25+5, అంటే 465. ప్రోటీన్ 40 గ్రాముల దాకా వస్తుంది. గ్వాకమోలీ లేకుండా తినలేనంటే 695. రెండూ మీ కోటాలో పట్టేవే.

బౌల్ అన్న పేరు చూసి మోసపోకండి. పక్కన మొక్కజొన్న చిప్స్ ప్యాకెట్ తీసుకుంటే అదొక్కటే 540. సలాడ్ మీద పోసుకునే తేనె వినెగ్రెట్ చిన్న కప్పుకి 220, అంటే చికెన్ కంటే ఎక్కువ.

పచ్చిమిర్చి

మాస్టారూ, మీరు చెప్పింది లైన్లో నిలబడి "అది వెయ్యి, ఇది తగ్గించు" అని వేలితో చూపించే చోటు. చిగురు గారు అడుగుతున్నది కూర్చోబెట్టి, అడక్కముందే బుట్టెడు చిప్స్ పెట్టి, ఖాళీ అయితే మళ్లీ నింపే చోటు. అక్కడ అంకెలు ఎవరిస్తారు?

లెక్కలమాస్టారు

అమెరికాలో 20 గానీ అంతకు మించి గానీ శాఖలున్న చెయిన్‌లు 2018 మే నుంచి మెనూ మీదే కేలరీలు చూపించాలి. కాబట్టి చెయిన్ అయితే అంకె కళ్లెదుటే ఉంటుంది, చూడకపోవడం మన ఇష్టం. ఒకే ఒక్క శాఖ ఉన్న చోట ఆ నియమం లేదు. అక్కడ వంటకం ఎలా వండుతారో తెలిస్తే అంకె అక్కర్లేదు. ఆ విషయం నాకంటే గరిటె గారికి బాగా తెలుసు, ఆయన్ని పిలవండి.

గరిటె

వచ్చాను. మెక్సికన్ వంటింట్లో గ్రిల్ దగ్గర పని చేసినవాణ్ని కాబట్టి కనిపించని నూనె ఎక్కడుంటుందో చెప్తాను.

ఎర్రన్నం: బియ్యాన్ని ముందు నూనెలో రంగు మారేదాకా వేయిస్తాం. ఆ తర్వాతే టమాటా, చికెన్ ఉడికించిన నీళ్లు. మెత్తగా మెదిపిన బీన్స్: పందికొవ్వులోనో నూనెలోనో వేయించి మెదుపుతాం, పైన చీజ్ చల్లుతాం. ఎంచిలాడా: టోర్టియా విరిగిపోకుండా ముందు నూనెలో ముంచి తీస్తాం. మెనూలో "వేయించినది" అని ఎక్కడా ఉండదు, నూనె మాత్రం ఉంటుంది. తర్వాత సాస్, తర్వాత చీజ్. ఎంచిలాడాస్ సూయిసాస్ అయితే పైగా క్రీమ్. చిలే రెయెనో అంటే పొబ్లానో మిరపకాయలో చీజ్ కూరి, గుడ్డు నురగలో ముంచి, నూనెలో వేయించినది. మిరపకాయే కదా కూరగాయే కదా అనుకుంటారు పాపం.

ఇక బుసబుసమంటూ వచ్చే ఫహీటా పెనం. ఆ పొగ కోసం చాలాచోట్ల చివర్లో వేడి ఇనప పెనం మీద నూనో వెన్నో నీళ్లో పోస్తారు. "నూనె తక్కువ వేసి చెయ్యండి" అని అడిగితే నీళ్లో నిమ్మరసమో పోస్తారు, పొగ అలాగే వస్తుంది. అయినా కూర్చుని తినే చోట నేను ముందు చెప్పేది చికెన్ ఫహీటా లేదా రొయ్యల ఫహీటానే. మాంసం, కూరగాయలు ఒక పెనం మీద, మిగతావన్నీ వేరే చిన్న గిన్నెల్లో వస్తాయి. ఏది ఎంత వేసుకోవాలో మీ చేతిలో ఉంటుంది. అలా విడివిడిగా వచ్చే వంటకం ఆ మెనూలో ఇంకొకటి దొరకడం కష్టం. పళ్లెం వచ్చాక చీజ్ గిన్నె, క్రీమ్ గిన్నె పక్కవాళ్ల వైపు జరిపేయండి, సంతోషంగా తీసుకుంటారు.

మెనూలో ఈ మాటలు గుర్తుపెట్టుకోండి. అసాదో, ఆ లా పరీయా, ఆ లా ప్లాంచా అంటే గ్రిల్ మీదో పెనం మీదో కాల్చినవి. ఫ్రీతో, దొరాదో, ఎంపనిసాదో, కపెయాదో అంటే నూనెలో వేయించినవి. ఫ్లౌతాస్, తకీతోస్, చిమిచాంగా కూడా ఆ గుంపులోవే. చిమిచాంగా అంటే మాస్టారు పైన విప్పిన బరీటోనే, నూనెలో దింపి తీసింది.

ఆకుపురుగు

నేను శాకాహారిని. ఈ చర్చ నాకూ పనికొచ్చేలా చెయ్యండి. గరిటె గారు చెప్పింది చదివాక ఎర్రన్నం, బీన్స్ రెండూ పోయినట్టేనా? చీజ్ కేసడియా తప్ప ఇంకేం మిగిలింది నాకు?

గరిటె

పోలేదండీ, అడగాలి. "బీన్స్‌లో మాంతేకా వేస్తారా, అన్నంలో కాల్దో దె పోయో పోస్తారా" అని అడగండి. మాంతేకా పందికొవ్వు, రెండోది చికెన్ ఉడికించిన నీళ్లు. చాలాచోట్ల మెదపని బీన్స్ కూడా ఉంటాయి, ఫ్రిహోలెస్ దె లా ఓయా అంటారు. కుండలో ఉల్లిపాయ, ఉప్పుతో ఉడికించినవి, గిన్నెలో పులుసుతో సహా ఇస్తారు. కేలరీలు చూసుకునేవాళ్లకీ అవే మేలు. వాటిలోనూ కొందరు పందికొవ్వు వేస్తారు కాబట్టి ఆ ప్రశ్న ఇక్కడా అడగాల్సిందే. చారో బీన్స్ అని ఉంటే మాత్రం జోలికి పోకండి, వాటిలో బేకన్ పడుతుంది.

నోపాలెస్ దొరికితే వదలకండి. ముళ్లు తీసేసిన జెముడు ఆకులు. గ్రిల్ చేసి నిమ్మరసం పిండితే కేలరీలు లెక్కలోకే రావు, కొంచెం జిగురు ఉంటుంది, పుల్లగా బాగుంటాయి. కలబసీతాస్ అంటే గుమ్మడి జాతి లేత కాయల కూర, మొక్కజొన్న గింజలతో. పైన చీజ్ వద్దని చెప్పండి. రాహాస్ కోన్ క్రెమా అని మిరపకాయల కూర ఉంటుంది, పేరులోనే క్రీమ్ ఉంది కాబట్టి ఇంకేం చెప్పను.

పచ్చిమిర్చి

చెయిన్‌లలో అయితే శాకాహారులకి ఇంత ప్రశ్నోత్తరాలు అక్కర్లేదు. టాకో బెల్ బీన్స్‌లో పందికొవ్వు ఉండదు, వాళ్ల శాకాహార వంటకాలకి అమెరికన్ వెజిటేరియన్ అసోసియేషన్ సర్టిఫికేట్ ఉంది. "ఫ్రెస్కో స్టయిల్" అంటే చీజ్, క్రీమ్, మయో సాసులు తీసేసి టమాటా ముక్కలు వేస్తారు. చిపోట్లేలో మాంసం లేకుండా తీసుకుంటే గ్వాకమోలీకి అదనంగా తీసుకోరు. ఆకుపురుగు గారికి అదో బోనస్.

వాకింగ్‌రాజా

అయ్యా, ఇదంతా అమెరికా సరుకు. అసలు మెక్సికన్ తిండి తినండి, ఈ కేలరీల గోలే ఉండదు. పసుపు చీజ్, మైదా టోర్టియా, నాచోస్, ఇవేవీ మెక్సికోవి కావు. అక్కడివాళ్లు మొక్కజొన్న టోర్టియా, బీన్స్, మిరపకాయలు తింటారు. 2010లో యునెస్కో మెక్సికన్ వంటని వారసత్వ సంపదగా గుర్తించింది ఊరికేనా?

మొక్కజొన్నపొత్తు

రాజా గారూ, యునెస్కో సంగతి నిజం. తక్కినది సగం నిజం. ఉత్తర మెక్సికోలో, ముఖ్యంగా సొనోరాలో, గోధుమ పండుతుంది. అక్కడ మైదా టోర్టియా తరతరాలుగా ఉంది. నాచోస్ పుట్టింది కూడా సరిహద్దుకి అవతల మెక్సికో పట్టణం పియెద్రాస్ నెగ్రాస్‌లోనే, 1940ల్లో, ఇగ్నాసియో అనాయా చేతిలో. ఆయన ముద్దుపేరే ఆ వంటకానికి పెట్టారు. సీజర్ సలాడ్ కూడా తిహువానాలో పుట్టిందే.

"అసలుది అయితే తేలిక" అనేది కేలరీల విషయంలో నమ్మదగ్గ మాట కాదు. తమాలె మెక్సికో నడిబొడ్డు వంటకమే, పిండి నిండా పందికొవ్వు. కార్నీతాస్ అంటే పంది మాంసాన్ని దాని కొవ్వులోనే ఉడికించడం. మోలె సాస్‌లో వేరుశెనగలు, నువ్వులు, బాదం, చాక్లెట్ పడతాయి, దానికి అంత రుచి వచ్చేది వాటివల్లే. సోపెస్, గోర్దీతాస్ అనే మందపాటి మొక్కజొన్న రొట్టెలు కూడా చాలాసార్లు నూనెలో వేయించినవే.

మొక్కజొన్న టోర్టియా మంచిదన్నది మాత్రం ఒప్పుకుంటా. చిన్నది, అరచేతి వెడల్పుది, ఒకటి 50 నుంచి 60 కేలరీలు. బరీటోకి వాడే పెద్ద మైదా టోర్టియా ఒక్కదాని బదులు ఇవి 5 తినొచ్చు. మైదా టోర్టియా మెత్తగా సాగాలంటే పిండిలో కొవ్వు కలపాలి, మొక్కజొన్నదానికి అక్కర్లేదు. మొక్కజొన్నని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, ఆ తర్వాత రుబ్బుతారు. దీన్ని నిష్టమలైజేషన్ అంటారు. అలా చేస్తే గింజ పైపొర ఊడిపోతుంది, పిండి ముద్ద కడుతుంది, కాల్షియం కలుస్తుంది, గింజలో బిగుసుకుని ఉన్న నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఈ పద్ధతి తెలియకుండా మొక్కజొన్న మీదే బతికిన ఐరోపా, అమెరికా పల్లెల్లో పెల్లాగ్రా జబ్బు వచ్చింది. మెక్సికోలో దాని బెడద అంతగా లేకపోవడానికి ఈ సున్నమే కారణం.

వాకింగ్‌రాజా

సరే సొనోరా మీకే. కానీ వీధి టాకో చూడండి: చిన్న మొక్కజొన్న టోర్టియా, కాల్చిన మాంసం, ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ. చీజ్ ఏది, క్రీమ్ ఏది? నా పాయింట్ అదే.

మొక్కజొన్నపొత్తు

దానికి నా ఓటు కూడా. చిగురు గారూ, టాకేరియా, అంటే టాకోలు అమ్మే చోటికి వెళ్తే చికెన్ టాకోలు 3 తీసుకోండి. చాలాచోట్ల ఒక టాకోకి 2 టోర్టియాలు జత చేసి ఇస్తారు, పైది చాలు, రెండోది తీసి పక్కన పెట్టొచ్చు. ఒక్కో టాకో ఇంచుమించు 150 అనుకోండి. మూడు తిన్నా బరీటోలో సగానికి రావు. చేప టాకో అంటే మాత్రం ముందు అడగండి. బాహా పద్ధతిలో అయితే చేపని పిండిలో ముంచి వేయించి, పైన తెల్లటి మయో సాస్ పోస్తారు. గ్రిల్ చేసిన చేప అయితే హాయిగా తినండి.

ఈమధ్య అందరూ ఎగబడుతున్న కేసబిరియా టాకోల గురించి కూడా ఒక మాట. టోర్టియాని బిరియా అనే మాంసం పులుసు మీద తేలే ఎర్రటి కొవ్వులో ముంచి, చీజ్‌తో పెనం మీద కాలుస్తారు. రుచికి తిరుగులేదు. చిన్న టాకోయే కదా అని పై లెక్కలో మాత్రం వెయ్యకండి.

కొత్తచిగురు

బాబోయ్, ఇంత వస్తుందనుకోలేదు. గరిటె గారికి చాలా థాంక్స్, ఆ మాటల జాబితా ఫోన్‌లో రాసుకున్నా. ఇప్పుడు అసలు సమస్య. చిప్స్. ఆర్డర్ ఇచ్చేలోపే నా ముందు బుట్ట ఉంటుంది. మాట్లాడుతూ చెయ్యి దానంతటదే వెళ్తుంది. వద్దని పంపించేద్దామంటే మిగతావాళ్లు ఊరుకోరు.

లెక్కలమాస్టారు

28 గ్రాముల చిప్స్‌కి 140 కేలరీలు. పెద్ద ముక్కలైతే 10 వస్తాయి. బుట్ట మధ్యలో ఉన్నంతసేపూ ఎన్ని తిన్నారో ఎవరికీ తెలియదు, అందుకే ముందే ఒక 10 మీ ప్లేట్‌లోకి తీసుకుని బుట్ట అవతలి చివరికి పంపండి. అయిపోతే అయిపోయినట్టే.

పచ్చిమిర్చి

నాతో అయ్యే పని కాదు మాస్టారూ. నాకు 10 చిప్స్ అంటే ఆకలి మొదలవడమే. ఒకటి కూడా ముట్టుకోకుండా ఉండటమే నాకు తేలిక. మనుషులు రెండు రకాలు, ఎవరు ఏ రకమో వాళ్లకే తెలియాలి.

చేతికి ఏదో ఒక పని కావాలి కాబట్టి నేను కూర్చోగానే ఒక కప్పు కాల్దో దె పోయో అడుగుతాను. చికెన్, క్యారెట్, క్యాబేజీ, మొక్కజొన్న పొత్తు ముక్కతో వచ్చే పులుసు. అందరూ చిప్స్ తింటున్నప్పుడు నేను చెంచాతో బిజీగా ఉంటాను. ఎవరూ ఏమీ అడగరు కూడా. పొసోలె అనే మొక్కజొన్న గింజల పులుసు ఉన్నా బాగుంటుంది, కాకపోతే అది చాలాచోట్ల పంది మాంసంతో చేస్తారు, చిగురు గారు కనుక్కోవాలి.

షుగర్‌బాబాయ్

నేను సాల్సా కప్పు దగ్గరికి లాక్కుని, కీరా ముక్కలో హికామా ముక్కలో తెప్పించుకుని వాటితో తింటాను. హికామా అంటే తెల్లగా కరకరలాడే దుంప, నిమ్మరసం, కారం చల్లి ఇస్తారు. అది లేని చోట చెంచాతోనే సాల్సా తినేస్తాను, చూసేవాళ్లు చూడనీ.

గరిటె

సాల్సా చెంచాతో తినే బాబాయ్ గారికి ఒక హెచ్చరిక. పికో దె గాయో, ఎర్ర సాల్సా, తొమతీయో అనే పుల్లటి పచ్చ కాయతో చేసిన పచ్చ సాల్సా, వీటిలో టమాటానో తొమతీయోనో, ఉల్లి, మిరప తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఎంతైనా తినండి. కానీ లేతాకుపచ్చగా, క్రీమ్‌లా చిక్కగా ఉండే సాల్సా ఒకటి సీసాలో పెడతారు. అందరూ అవకాడో అనుకుంటారు. చాలాచోట్ల అందులో అవకాడో ఉండదు, హాలపెన్యో మిరపకాయల్ని నూనెతో మిక్సీలో తిప్పి నురగలా చేసింది. సాల్సా మాచా అయితే దాచుకోకుండా నూనెలోనే ఉంటుంది, ఎండుమిరపకాయలు, వేరుశెనగలు, నువ్వులతో. చెంచాడు చాలు.

వాకింగ్‌రాజా

గ్వాకమోలీ సంగతి ఎవరూ తేల్చలేదు. మంచి కొవ్వు కదా, పీచు కూడా ఉంది. దాన్ని ఎందుకు లెక్కపెట్టాలి?

లెక్కలమాస్టారు

మంచి కొవ్వైనా గ్రాముకి 9 కేలరీలే, చెడ్డ కొవ్వైనా 9 కేలరీలే. అవకాడో 100 గ్రాములకి 160 దాకా ఉంటుంది. పీచు 7 గ్రాముల దాకా ఉన్న మాట నిజం. గుండెకి మంచిదా అంటే మంచిదే. చిగురు గారు అడిగింది గుండె గురించి కాదు, కోటా గురించి.

షుగర్‌బాబాయ్

ఇక్కడ నేను మాస్టారితో ఏకీభవించను. మీరు దాన్ని మిగతావాటి మీద కలిపి చూస్తున్నారు. నేను అన్నం, చీజ్, సోర్ క్రీమ్ మూడూ తీసేసి గ్వాకమోలీ పెట్టుకుంటాను. మీ అంకెల ప్రకారమే 210+110+110 పోయి 230 వచ్చింది. తిన్నాక చాలాసేపు ఆకలి వెయ్యదు. నా గ్లూకోమీటర్ కూడా అన్నం తిన్నప్పటిలా ఎగరదు.

లెక్కలమాస్టారు

అలా అయితే నాకు అభ్యంతరం లేదు. అన్నీ ఉంచి దాన్నీ పెట్టుకుని "మంచి కొవ్వు" అంటేనే నాకు మండుతుంది.

ఆకుపురుగు

బాబాయ్ గారూ, మా నాన్నగారికి షుగర్. మెక్సికన్ చోటికి తీసుకెళ్తే ఏది చూసుకోవాలి?

షుగర్‌బాబాయ్

అమ్మా, అక్కడ ఒకే భోజనంలో చిప్స్, అన్నం, టోర్టియా, బీన్స్ నాలుగూ వస్తాయి. నాలుగూ పిండిపదార్థాలే. వాటిలో ఒకటో రెండో ఎంచుకోమనండి. ఎంచుకునేట్టయితే బీన్స్ ఉంచుకోమనండి, అర కప్పులో పీచు 7 గ్రాములు, ప్రోటీన్ 7 గ్రాములు ఉంటాయి, చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది.

అసలు దొంగలు గ్లాసుల్లో ఉంటారు. ఓర్చాతా అంటే బియ్యం నానబెట్టి రుబ్బి, దాల్చినచెక్క, చక్కెర కలిపినది. హమైకా ఎర్రటి పూల పానీయం, పుల్లగా ఉంటుంది కాబట్టి చక్కెర లేదనుకుంటారు, ఆ పులుపు తాగేలా చేసేది చక్కెరే. తమరిందో, అంటే చింతపండు పానీయం, కూడా అంతే. మెక్సికన్ కోక్ చెరకు చక్కెరతో చేస్తారు కాబట్టి మంచిదని చెప్పేవాళ్ల మాట వినకండి, ఒంట్లోకి వెళ్లాక అదీ మామూలు కోకూ ఒకటే. మంచినీళ్లలో నిమ్మకాయ పిండుకోమనండి, ఆ చోట్ల నిమ్మకాయలకి కొదవే ఉండదు.

ఇన్సులిన్ గానీ, సల్ఫొనైల్‌యూరియా రకం మాత్రలు గానీ వాడుతూ మందు తాగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. నాన్నగారికి ఆ అలవాటుంటే ముందు డాక్టర్‌ని అడగండి. దీంట్లో ఫోరమ్ సలహాలు పనికిరావు.

పచ్చిమిర్చి

మందు మాట వచ్చింది కాబట్టి మార్గరీటా కూడా తేల్చేద్దాం. 45 మి.లీ. టెకీలా 100 కేలరీల లోపే. నిమ్మరసం ఏపాటిది? మిగతాదంతా ఆరెంజ్ లిక్కర్, చక్కెర పాకం, సీసాలో వచ్చే తియ్యటి మిక్స్. మంచుతో గిరగిరా తిప్పి బకెట్ లాంటి గ్లాసులో ఇచ్చేది తాగితే భోజనం అయిపోయినట్టే లెక్క. టెకీలా, నిమ్మరసం, సోడా నీళ్లు అని అడగండి. టెక్సాస్‌లో దీన్నే రాంచ్ వాటర్ అంటారు. అంచుకి ఉప్పు కావాలంటే రాయించుకోండి, ఉప్పుకి కేలరీలు లేవు.

వాకింగ్‌రాజా

ఉప్పుకి కేలరీలు లేవు గానీ, మర్నాడు పొద్దున వెయింగ్ మెషీన్ ఎక్కితే కిలోన్నర పెరిగి కూర్చుంటుంది. ఎన్ని లెక్కలు వేసి తిన్నా ఇదే వరస. అందుకే నాకు ఈ లెక్కల మీద నమ్మకం లేదు.

లెక్కలమాస్టారు

రాజా గారూ, అది కొవ్వు కాదు, నీళ్లు. కిలో కొవ్వు పెరగాలంటే ఖర్చయ్యేదానికి మించి 7700 కేలరీలు దాకా తినాలి. మీరు బరీటోలు వరసగా మింగినా ఒక్క రాత్రిలో అది జరగదు. జరిగింది ఏంటంటే ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజుకి సోడియం 2000 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటుంది. చిపోట్లే లెక్కలే చూస్తే టోర్టియా ఒక్కదాంట్లో 600, టమాటా సాల్సాలో 550, చికెన్‌లో 310, అన్నంలో 350. చీజ్, బీన్స్ ఇంకా కలపనే లేదు. ఆ సోడియం నీళ్లు పట్టి ఉంచుతుంది, రెండుమూడు రోజుల్లో దిగిపోతుంది. తిన్న మర్నాడు మెషీన్ ఎక్కకండి, అంతే. బీపీ ఉన్నవాళ్లకి మాత్రం ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. ఎంతైనా తినండని గరిటె గారు మెచ్చుకున్న సాల్సాయే వాళ్లకి చూసుకుని తినాల్సినది.

మోడరేటర్

ఒక సభ్యులు ముందురోజు నుంచీ ఏమీ తినకుండా కడుపు మాడ్చుకుని వెళ్లమని సలహా పెట్టారు, ఆ పోస్టు తీసేశాను. ఇక్కడ ఉపవాసాల ప్రచారం వద్దు. మిగతా చర్చ బాగుంది, కానివ్వండి.

పచ్చిమిర్చి

మోడరేటర్ గారు తీసేసింది మంచిదే. కడుపు మాడ్చుకుని వెళ్తే ఆ బుట్ట ముందు ఎవరు ఆగుతారు? నేను బయల్దేరేముందు ఒక కప్పు పెరుగో, ఉడికించిన గుడ్డో తిని వెళ్తాను.

కొత్తచిగురు

నిన్న వెళ్లొచ్చాను. చెప్పాలని ఆగలేక రాస్తున్నా. కాల్దో కప్పు, తర్వాత రొయ్యల ఫహీటా. "మైదా టోర్టియాలు వద్దు, మొక్కజొన్నవి ఇవ్వండి, అన్నం బదులు కుండ బీన్స్ ఇస్తారా" అంటే వెయిటర్ కనురెప్ప కూడా కదపకుండా రాసుకున్నాడు. నాకు ఇదేదో పెద్ద పంచాయితీ అవుతుందని భయం. సోర్ క్రీమ్, చీజ్ మా మేనేజర్ వైపు జరిపాను, ఆయన ఆనందం చూడాలి. గ్వాకమోలీ ఉంచుకున్నాను, బాబాయ్ గారి పద్ధతిలో. చిప్స్ 10 తీసుకుని బుట్ట పంపించాను. బుట్ట తిరిగొచ్చింది, అది వేరే కథ.

ఒక డౌట్. పక్కన కూర్చున్నామె టాకో సలాడ్ తెప్పించుకుంది, "నేనూ డైటే" అంటూ. ఆకుల మధ్య చికెన్ పెట్టి, గిన్నెలాంటి దాంట్లో ఇచ్చారు. గిన్నె కూడా తినేసింది. అది నిజంగా తేలికేనా?

గరిటె

ఆ గిన్నె పెద్ద మైదా టోర్టియాని అచ్చులో పెట్టి నూనెలో వేయించినది. మాస్టారు పైన మామూలు టోర్టియాకే 320 చెప్పారు, దాని మీద పీల్చుకున్న నూనె కలుపుకోండి. గిన్నె వద్దని చెప్తే మామూలు ప్లేట్‌లో ఇస్తారు. ఆమెకి మీరే చెప్తారో లేదో మీ ఇష్టం, నేనైతే చెప్పను.

పచ్చిమిర్చి

చెప్పకండి చిగురు గారూ. రేపు ఆఫీసులో మీరే మొహం చూపించుకోవాలి.

ఆకుపురుగు

గరిటె గారూ, ఒకటి అడగడం మర్చిపోయాను. పొద్దున టిఫిన్ టైములో వెళ్తే? గుడ్లు తింటాను.

గరిటె

వేవోస్ ఆ లా మెహికానా అడగండి. టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి కలిపిన గుడ్లు, పక్కన 2 మొక్కజొన్న టోర్టియాలు. వేవోస్ రాంచేరోస్‌లో టోర్టియా వేయించి ఉంటుంది, కాల్చి ఇమ్మంటే కొందరు ఇస్తారు. చిలకీలెస్ అంటే చిగురు గారు పక్కకి జరిపిన చిప్స్‌నే సాల్సాలో నానబెట్టి, పైన క్రీమ్, చీజ్ వేసి పొద్దున పెడతారు. నాకు ప్రాణం. మీ కోటా చూసుకుని వెళ్లండి.